ఉల్లిపాయ లేని పరజ కూర

నా బాడ్మింటన్ బ్యాటు తీగల్ని మా ఆయన నన్ను అడక్కుండా కోసేశారు. గొడవ అక్కడ మొదలైంది.

ఏలూరులో బీఏ రెండో ఏడు చదువుతుండగా డబుల్స్‌లో గెలుచుకున్న బ్యాటు అది. పెళ్లయ్యాక ఒక్కరోజు ఆడింది లేదు. అయినా కువైట్‌లో ఫర్వానియా పేటలోని మా ఫ్లాటు ఖాళీ చేసి వచ్చేటప్పుడు రెండు సూట్‌కేసుల్లో సర్దుకున్న కాసిని వస్తువుల్లో అదొకటి. పొద్దున్నే లేచి వచ్చేసరికి, వంటగది గుమ్మంలో కూర్చుని కూరగాయల కత్తితో ఒక్కో తీగా తెంపి వేలికి చుట్టుకుంటున్నారు.

“ఏంటండీ ఆ పని?”

“నైలాను తీగ కావాలి. బజార్లేమన్నా ఉన్నాయా, కొనుక్కురావడానికి?”

“అడగొచ్చుగా.”

“అడిగితే ఇస్తావా?”

“ఇచ్చేదాన్నో కాదో అడిగితే తెలిసేది.”

“ఊరు ఊరంతా దోచుకుపోతుంటే, నువ్వు బ్యాటు తీగల దగ్గర పట్టుకున్నావే!”

“వాళ్లూ అడక్కుండా పట్టుకెళ్తున్నారనేగా మనం తిడుతున్నది?”

ఆయన కోయడం మానలేదు. నేను టీ ఆయన ముందు పెట్టకుండా గట్టు మీదే వదిలేశాను. ఆయనే లేచి వచ్చి, చల్లారిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్లారు. అది ఆయన కోపం.

పంతొమ్మిది వందల తొంభై, సెప్టెంబరు మొదటి వారం. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి అప్పటికి ఐదు వారాలు. మేమున్నది సబా అల్ సలేంలో, మా ఆయన పనిచేసే కంపెనీ యజమాని ఇంట్లో. యజమాని ఖాలిద్ సెలవులకని పెళ్లాం పిల్లలతో కైరో వెళ్లాడు. సైన్యం వచ్చిన తెల్లవారుజామున, ఫోను లైన్లు తెగకముందే, కైరో నుంచి మా ఆయనకు ఫోను చేశాడు. “సత్యం, ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉంది. నువ్వూ మీ ఇంటావిడా వెళ్లి ఉండండి. నేనొచ్చేదాకా వదలొద్దు” అన్నాడు. మా ఆయన వెంకటసత్యనారాయణ మాటిచ్చేశారు. ఆ మాట పట్టుకుని మేం ఆ ఇంటికి వచ్చి పడ్డాం.

ఖాలిద్ తల్లికి డెబ్బై దాటాయి. ఇంట్లో పనిచేసే తిరుపాలమ్మ ఆవిడని అక్కడి పనివాళ్లందరిలాగే ‘మామా’, అంటే అమ్మగారూ అని పిలిచేది. నేనూ అలాగే పిలవడం నేర్చుకున్నాను. తిరుపాలమ్మది కడప జిల్లా పుల్లంపేట. ముప్పై ఏళ్లుంటాయి. మొగుడు లేడు. తొమ్మిదేళ్లుగా మామాకి తల దువ్వడం దగ్గర్నుంచి కాళ్లు పట్టడం దాకా ఆమే. ఆమె పాస్‌పోర్టు ఖాలిద్ ఆఫీసు బీరువాలో ఉండేది. ఆ ఆఫీసు ఆగస్టులోనే తగలబడింది.

మామా మాంసం, కూరలు ముట్టుకోవడం మానేసి అప్పటికి పన్నెండు రోజులు.

కారణం చిన్నదే. మార్కెట్లన్నీ దోచుకున్నారు. ఆ సరుకే పేవ్‌మెంట్ల మీదకు వచ్చి అమ్ముడయ్యేది. ఒకరోజు ఆ ఇంటి డ్రైవర్ ఖాజావలి వేటమాంసం తెచ్చాడు. మామా ప్లేటు ముందు కూర్చుని, “ఎక్కడిది?” అని అడిగింది. రాయచోటి మనిషి, అబద్ధం తోచలేదు, రోడ్డు పక్కన కొన్నానన్నాడు. మామా ప్లేటు పక్కకు జరిపింది. అది ఎవరి మందలోనుంచి తోలుకొచ్చిన మేకో, దొంగసొమ్ము తినడం హరామ్ అంది. అప్పటినుంచి వంటగదిలోకి ఏ వస్తువు వచ్చినా ఒకటే ప్రశ్న. “ఆ రోజుకి ముందుదా, తర్వాతదా?” ఆ రోజంటే సైన్యం వచ్చిన రోజు.

బియ్యం ముందువే. పిండి, ఖర్జూరాలు ముందువే. ఉల్లిపాయలు, టమాటాలు, కోడి, గుడ్లు, అన్నీ తర్వాతవి. మేం అవి తినేవాళ్లం. ఆవిడ మా ముందు కూర్చుని రొట్టెముక్క నీళ్లలో ముంచుకుని తినేది. మమ్మల్ని ఒక్క మాట అనేది కాదు. అదే ఎక్కువ బాధగా ఉండేది.

“గాలి కూడా ముందుదా తర్వాతదా అని అడుగుతుందేమో సార్” అన్నాడు ఖాజావలి. తిరుపాలమ్మ వాడి మీదికి గరిటె ఎత్తింది. “నవ్వుతాండావా? నిన్న నమాజులో కూలబడిపోయింది. ఎత్తినోళ్లకు తెల్సు, కట్టెపుల్ల మాదిరి ఉండాది.”

అప్పుడే మా ఆయన కంట పరజ పిట్టలు పడ్డాయి, చలికాలం కొల్లేటికి వలసొచ్చే చిన్నబాతులు.

మా వీధి చివర సగం కట్టి వదిలేసిన ప్రహరీ ఉంది. దాని వెనక ఖాళీ స్థలంలో, తోటలకిచ్చే, కాస్త ఉప్పగా ఉండే బోరునీటి పైపు పగిలి, బాగుచేసే దిక్కులేక అదొక మడుగైపోయింది. ఐదు వారాలకే అంచుల్లో తుంగలాంటి గడ్డి లేచింది. చలికి ముందు ఎక్కడెక్కడి నుంచో దక్షిణానికి పోయే పిట్టలు, దారిలో ఇంత నీళ్లు కనబడితే దిగకుండా ఉంటాయా? ఆయనది కైకలూరు పక్క, కొల్లేటి అంచున ఊరు. రెక్కల చప్పుడు వినే పోల్చుకున్నారు.

“అవి ఎవడి సొమ్మూ కాదు. ఆకాశంలోంచి దిగాయి. పెద్దావిడ వీటికేం వంక పెడుతుందో చూస్తా” అన్నారు.

తుపాకీ దొరికితే ప్రాణాలు తీసే రోజులు. అందుకని ఉచ్చులు. అందుకని నా బ్యాటు తీగలు.

సాయంత్రం కర్ఫ్యూకి ముందే మడుగు అంచున రెండు కర్రలు పాతి తాడు కట్టి, దానికి బ్యాటు తీగ ఉచ్చులు వరసగా వేలాడదీసి వచ్చారు. మర్నాడు తెల్లవారి కర్ఫ్యూ ఎత్తగానే వెళ్లి, పావుగంటలో గోనెసంచీతో తిరిగొచ్చారు. సంచీ దులిపితే వంటగది నేల మీద నాలుగు పిట్టలు. బూడిదరంగు ఒళ్లు, రెక్క మీద ఆకుపచ్చ మెరుపు. కిలోన్నర కూడా ఉండవు నాలుగూ కలిపి. ఐదు వారాల్లో మా ఆయన మొహం అంత వెలిగింది అప్పుడే.

పరజని కోడిలా వేడినీళ్లలో ముంచకూడదని మా అత్తగారు చెప్పేవారు. ముంచితే కొవ్వు తోలుకి పట్టి వాసన దిగదు. వెచ్చగా ఉండగానే పొడిగా ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి కడగాలి. తోక మొదట్లో శనగగింజంత నూనెతిత్తి ఉంటుంది, దాన్ని లోతుగా కోసి పారెయ్యాలి. తిరుపాలమ్మకి ఇదంతా కొత్త.

“ఇంత పిట్టకు ఇన్ని వరసలా అక్కా? మా పక్క పూరేడు పిట్టైతే చర్మం ఒలిచి నిప్పుల మీద యేస్తాం. అంతే.”

“ఆ తిత్తి ఒక్కటి వదిలేస్తే కుండంతా బురద కంపు కొడుతుంది. చూసి కొయ్యి.”

ఆమె ఆ తిత్తిని అరచేతిలో పెట్టుకుని వాసన చూసి మొహం వికారంగా పెట్టింది. ఇద్దరం నవ్వాం. అప్పుడే ఖాజావలి వచ్చాడు. గిన్నెలోకి తొంగిచూసి, ఒక పిట్ట మెడ పట్టుకుని ఇటూ అటూ తిప్పాడు.

“సార్, ఎవరు కోసినారు?”

మా ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

కొల్లేటిలో ఉచ్చులోంచి పిట్టని తీస్తూనే మెడ విరుస్తారు. అరిస్తే మిగతా గుంపు లేచిపోతుంది. ఇక్కడ అరిస్తే వీధి మొగలో చెక్‌పోస్టు సిపాయిలు వస్తారు. చిన్నప్పటి అలవాటు, దానికి తోడు భయం. నాలుగింటికీ చేతులు వాటంతట అవే ఆ పని చేసేశాయి. ప్రాణం ఉండగా దేవుడి పేరు తలిచి గొంతు కొయ్యని పిట్ట మామాకి మాంసమే కాదు. ఈ ముక్క ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఖాజావలి నిద్రలేచేసరికే పని అయిపోయింది.

“పోయింది పోయింది” అన్నారు మా ఆయన, నుదురు కొట్టుకుని.

అయినా వండాను. పారెయ్యడానికి చేతులు రాలేదు. చింతపండు, మిరియాలు, మేం తెచ్చుకున్న ధనియాల పొడి, పేవ్‌మెంటు ఉల్లిపాయలు. మధ్యాహ్నానికి ఇల్లంతా వాసన. మామా గది తలుపు తెరిచింది. “అదేం వాసన?” అని తిరుపాలమ్మని అడిగింది. పిట్టలని, ఆకాశంలోంచి వచ్చినవని తిరుపాలమ్మ చెప్పింది. మామా ఈ మధ్య ఎప్పుడూ లేనట్టు, “తీసుకురా” అందట.

తిరుపాలమ్మ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, ఉల్లిపాయ ముక్కలు ఏరేసి నాలుగు తునకలు పెట్టు. ఖాజా కోసినాడని చెప్పు. ఒక్క మాట. నేను చెప్తే నా మొహం చూసి కనుక్కుంటాది. నువ్వు చెప్తే నమ్ముతాది.”

“ఖాజా కొయ్యలేదుగా.”

“కొయ్యలేదులే. యెవురు చూసినారు?”

మా ఆయన కూడా గొంతు తగ్గించి అన్నారు. “ప్రాణం మీదకొచ్చినప్పుడు తప్పులేదే. ఆవిడ లేచి కూర్చుంటే, నూరాతో వెళ్లమని చెప్పొచ్చు.”

నూరా అంటే మామా చెల్లెలి కూతురు. పక్క వీధే. సౌదీ వైపు దారి కువైటీల కోసం తెరుస్తారని ఆ వారం అందరూ చెప్పుకుంటున్నారు. తెరిచినరోజే నూరా వాళ్లు కారులో వెళ్లిపోతారు, మామాకి ఒక సీటు ఉంచారు. రోజూ వచ్చి అడుగుతోంది. మామా రోజూ తల అడ్డంగా ఊపుతోంది. ఆవిడ కదిలితే మా ఆయన మాట చెల్లినట్టే. మేం బస్సెక్కి బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాను చేరి, అక్కడి నుంచి విమానంలో బొంబాయి వెళ్లొచ్చు. మన వాళ్ల బస్సుల కమిటీలో అందరి పేర్లూ నేనే రాయించి వచ్చాను. ఆ బస్సు మళ్లీ వచ్చే సోమవారం. పాస్‌పోర్టు లేనివాళ్లని ఒక కుటుంబం పూచీ మీద తీసుకెళ్తామన్నారు. తిరుపాలమ్మ పేరు కూడా రాయించానని చెబితే, “మామాను ఇడ్సిపెట్టి యాడికి పోయేది?” అని వెళ్లిపోయింది. మామా కదిలితే తప్ప ఎవరం కదలం. అది నాకూ తెలుసు.

ఖాజావలి ఒక్కడే వాళ్లతో కలవలేదు. “నన్ను మాత్రం సాచ్చికం అడగొద్దు మేడం” అని బయటికి పోయాడు.

ప్లేటు పట్టుకుని లోపలికి వెళ్లాను. మామా అప్పటికే చేతులు కడుక్కుని కూర్చుంది. మణికట్టు మీద బంగారు గాజు మోచేతి దాకా జారుతోంది.

“ముందుదా, తర్వాతదా?”

“ఇవాళ్టిది. ఆకాశంలోది” అన్నాను, నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో.

ఆవిడ నవ్వింది. బిస్మిల్లా అని చెయ్యి పెట్టింది. ముక్క వేళ్లతో విడదీస్తూ, మాటవరసకి అడిగినట్టు అడిగింది. “ఎవరు కోశారు?”

వెనక తలుపు దగ్గర తిరుపాలమ్మ నిలబడి ఉందని తెలుసు.

“ఎవరూ కోయలేదు, మామా. మా ఆయన మెడ విరిచాడు. మాకు తట్టలేదు. తప్పయింది.” ‘విరిచాడు’ అన్న మాట అరబ్బీలో రాక చేతులతో చూపించాను.

ఆవిడ వేళ్లు ప్లేటులో అలాగే ఉండిపోయాయి. తర్వాత తీసి, లేచి, చెయ్యి కడుక్కుంది. నా వైపు కాసేపు చూసింది. కోపం లేదు. రొట్టె తెమ్మని తిరుపాలమ్మకి చెప్పింది.

ఆ పూట తిరుపాలమ్మ నాతో ఒక్కటే మాట అంది. “చెప్పినావు గదా. కడుపు సల్లగుండాదా ఇప్పుడు?” కూర ముట్టుకోలేదు. నేనూ మా ఆయనా తిన్నాం. బాగా కుదిరింది.

సాయంత్రం మామా తిరుపాలమ్మని పిలిచి నా పేరు అడిగిందట. ఐదు వారాలుగా ఆ ఇంట్లో ఉంటున్నా అప్పటిదాకా నేను ‘సత్యం పెళ్లాన్ని’. రమణి అని తిరుపాలమ్మ చెప్పిందట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు కూడా ఆమె నా మొహం చూడలేదు.

రెండో వేట గురువారం.

ఈసారి ఖాజావలి కూడా వెళ్లాడు. జేబులో చిన్న చాకు, సంచీలో మా ఆయన సాక్సులు. పిట్ట తలకి సాక్సు తొడిగితే చీకటి పడిందనుకుని అరవదని ఆయన ఎప్పుడో విన్నారట. వెళ్లినవాళ్లు గంటైనా రాలేదు. మేమిద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం. తిరుపాలమ్మ నా కొంగు చివర పట్టుకుని ఉందని తర్వాత ఎప్పుడో గమనించాను.

వచ్చేటప్పుడు ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

“సిపాయి ఆపినాడు మేడం. సంచీ తెరువన్నాడు. తెరిస్తే ఆరు బాతులు, ఆరింటికీ సాక్సులు. వాడు తుపాకీ భుజానికి తగిలించుకుని, కూర్చుని నవ్వినాడు. వాళ్లదీ బస్రా పక్క నీళ్లల్లో ఊరంట. సారు సాక్సు తీసి మళ్లా తొడిగి చూపించినాడు. రెండు పిట్టలు తీసుకుని ఇడ్సిపెట్టినాడు.”

“సాక్సులతో సహా తీసుకున్నాడు” అన్నారు మా ఆయన. “నా నీలం జత పోయింది.”

“మీ వస్తువు అడక్కుండా తీసుకుంటే ఎలా ఉంది?” అన్నాను.

ఆయన తల గోక్కున్నారు.

మిగిలిన నాలుగింటినీ పెరట్లో ఖాజావలి ఒక్కొక్కటే మక్కా వైపు తిప్పి పట్టుకుని, దేవుడి పేరు చెప్పి కోశాడు. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని మామా నాలుగింటినీ చూసింది. ఐదు వారాల్లో మొదటిసారి వంటగదిలోకి వచ్చి, పీట మీద కూర్చుంది. అక్కడినుంచి విచారణ మొదలు.

ఉల్లిపాయ? తర్వాతది. వద్దు. నూనె? ముందుదే. చింతపండు? జూన్‌లో మా అమ్మ పార్సిల్ పంపింది. సరే. పచ్చిమిర్చి? తర్వాతది. వద్దు. గ్యాసు సిలిండరు? ఖాజావలి, ఇది కూడానా అన్నట్టు నా వైపు చూసి కళ్లు మూసుకున్నాడు. ముందుదే మామా, జులైలో తెచ్చిందే అని తిరుపాలమ్మ ఒట్టు పెట్టింది.

ఉల్లిపాయ లేకుండా మాంసం వండడం నాకు తెలియదు. చేతులు ముడుచుకుని నిలబడ్డాను. అప్పుడు మామా తిరుపాలమ్మ భుజం పట్టుకుని లేచి, పై అరలోని డబ్బా దింపించింది. లోపల ఎండు నిమ్మకాయలు, నల్లగా, గోళీల్లా గలగలమంటూ. రెండిటిని చిదిమి నా గిన్నెలో వేసింది. ఎందుకో ఆగి, నా చింతపండు రసంలో వేలు ముంచి నాకి చూసింది. తల ఊపి అందులో సగమే పోసింది. నేను మిరియాలు దంచి వేశాను. ఆవిడ యాలకులు వేసింది. పిట్టలు మెత్తబడ్డాక తీసి పక్కన పెట్టి, ఆ నీళ్లలోనే బియ్యం ఉడికించింది. కొల్లేటి వాసనా కాదు, వాళ్ల వాసనా కాదు. కొత్తగా ఉంది. నాకు నచ్చింది.

మధ్యాహ్నం హాల్లో పెద్ద పళ్లెం పరిచి, అందరినీ దాని చుట్టూ కూర్చోమంది. తిరుపాలమ్మ ఎప్పట్లా గోడ దగ్గర నిలబడింది. మామా పక్కన తివాచీ మీద చేత్తో తట్టింది. ఆమె వచ్చి కూర్చుంది.

మామా తిన్నది. మాట్లాడకుండా, తలెత్తకుండా తిన్నది. సన్న ఎముకలు ఒక్కొక్కటే పీల్చి పళ్లెం అంచున వరసగా పెట్టింది. రెండోసారి అన్నం తన వైపు లాక్కుంది. మేం నలుగురం తినడం మరిచిపోయి ఆవిడ చెయ్యే చూస్తున్నాం.

తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. తిరుపాలమ్మ మాకు తెలుగులో చెబుతోంది.

“దోవ తెరిచినారంట. మామా శనివారం నూరాతో సౌదీకి పోతాదంట. ఖాలిద్ బాబాకు మీరు మాట తప్పలేదని తానే చెప్తాదంట. సత్యం సారుకు దండాలంట…”

మామా ఇంకో మాట అంది. తిరుపాలమ్మ నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది. మామా మళ్లీ అంది, ఈసారి ఖాజావలి వైపు చూసి.

ఖాజావలి గొంతు సవరించుకున్నాడు. “మేడం, మామా ఏమంటా ఉందంటే… నేను ఇన్ని దినాలు కదలకుండా ఉండింది ఇంటి కోసరం కాదు అంటా ఉంది. ఈ బిడ్డ కోసరం. కువైటీలకే దోవ. కాగితం లేనిదాన్ని నాతో రానీరు. ఒంటి ఆడమనిషిని సిపాయిలుండే వీధిలో ఎవరి చేతిలో పెట్టి పోయేది? సత్యం మంచోడే, కానీ మగోడు, ఎవరన్నా గట్టిగా అరిస్తే సరే అంటాడు…” వాడు మా ఆయన వైపు చూసి, “నేను కాదు సార్, మామా అంటా ఉంది” అన్నాడు. “నాకు ఆకలిగా ఉన్నెప్పుడు, మాంసం నా చేతిలో ఉన్నెప్పుడు నిజం చెప్పిందే, ఆ రమణి చేతిలో పెట్టి పోతా అంటా ఉంది.”

తిరుపాలమ్మ ఎంగిలి చేతి వెనకభాగంతో కళ్లు తుడుచుకుంటూ, తెలుగులోనే మామాని కసురుకుంది. “నేను నీ కోసరం ఉంటి. నువ్వు నా కోసరం ఉంటివా? ముందే చెప్పుంటే ఇద్దరం ఎప్పుడో పోయుందుము గదా!”

మామాకి ఆ భాష రాదు. అర్థమైనట్టే ఆమె వీపు నిమిరింది. తర్వాత నా వైపు తిరిగి, నాకు తెలిసేలా చిన్న చిన్న మాటల్లో, నెమ్మదిగా అడిగింది.

“తీసుకెళ్తావా?”

“తీసుకెళ్తాను.”

“ఎక్కడిదాకా? బొంబాయా?”

“కాదు మామా. పుల్లంపేట. వాళ్లింటి గుమ్మం దాకా.”

ఆవిడ ఆ ఊరి పేరు నోట్లో ఒకసారి తిప్పుకుని చూసింది. తొమ్మిదేళ్లుగా విన్న పేరే అయి ఉండాలి. “ఖలాస్” అని మాట ఖాయం చేసి, ఒక పిట్ట కాలు తుంచి తిరుపాలమ్మ ముందు పెట్టి, మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టింది.